రసమట్టం చెప్పని మాట: హైడ్రాలిక్ సస్పెన్షన్ పడవలు

(విజయవాడలో పడవ యజమానులు, సరంగులు, ఆటోనగర్ హైడ్రాలిక్ మెకానిక్‌ల ముందు చేసిన ప్రసంగ పాఠం)

అందరికీ నమస్కారం.

కృష్ణ ఒడ్డున పెరిగినవాళ్లకి పంటు గురించి వేరే చెప్పక్కర్లేదు. రెండు పడవల్ని జోడించి, మీద చెక్కలు పరిచి, బళ్లనీ లారీలనీ దాటించేవాళ్లు. ఇవాళ మాట్లాడుకునేది కూడా ఒక రకం పంటే. కాకపోతే చెక్కల్ని పడవలకి బిగించెయ్యం. మధ్యలో నాలుగు హైడ్రాలిక్ ర్యాములు, అంటే నూనె ఒత్తిడితో సాగే, ముడుచుకునే సిలిండర్లు, పెడతాం. కింద పడవలు అలని బట్టి లేస్తూ దిగుతూ ఉంటాయి, మీద డెక్కుకి ఆ కుదుపు చాలావరకు చేరదు. పడమటి ఆస్ట్రేలియాలో క్రిస్ హేరింగ్ నౌటీ-క్రాఫ్ట్ పేరుతో ఈ దారిలో పడవలు చేశారు. అంతకుముందు ఆయన కార్లకి కైనెటిక్ అనే సస్పెన్షన్ తయారుచేశారు. టయోటా ల్యాండ్ క్రూజర్‌లో కేడీఎస్ఎస్ (కైనెటిక్ డైనమిక్ సస్పెన్షన్ సిస్టమ్) అని వచ్చేది ఆ కుదురు నుంచే.

కరెంటు ఖర్చు సంగతి ముందు తేల్చేద్దాం. జనంతో కలిపి 4 టన్నుల డెక్కుని 5 సెంటీమీటర్లు లేపాలంటే పట్టే శక్తి దాదాపు 2 కిలోజౌళ్లు. పంపు, మోటారు కలిసి సగం తినేసినా 4 కిలోజౌళ్లు. అంటే ఒక 9 వాట్ల ఎల్ఈడీ బల్బు ఏడెనిమిది నిమిషాలు వెలిగినంత. టిప్పర్లకి వాడే చిన్న 12 వోల్టుల పవర్ ప్యాక్ సరిపోతుంది. కానీ మూడు సెకన్లకి ఒకటి చొప్పున వచ్చే ప్రతి అలకీ అదే పని చేయిస్తే నికరంగా కిలోవాటుకి పైనే లాగుతుంది, రోజంతా. పడవ ఊగకుండా పెట్టే గైరోదీ అదే కథ: దానిలోని బరువైన చక్రం నిమిషానికి వేల చుట్లు తిరుగుతూనే ఉండాలి. అందుకని అలతో పంపు పోట్లాడకూడదు. అలని గొట్టాల్లోని నూనె చూసుకోవాలి. పంపు పని జనం ఎక్కినప్పుడో దిగినప్పుడో ఒకసారి ఎత్తు సరిచెయ్యడం, అంతే.

ఆ నూనె ఎలా చూసుకుంటుందంటే, కిటుకంతా గొట్టాల కలయికలో ఉంది. ప్రతి ర్యాములో రెండు గదులు: రాడ్డు లేని నిండు గది, రాడ్డు ఉన్న గది. ఎడమవైపు ముందూ వెనకా ఉన్న రెండు నిండు గదులనీ, కుడివైపు రెండు రాడ్డు గదులనీ ఒక లైనులో కలపండి. దాన్ని ఎర్ర లైను అనుకుందాం. మిగిలిన నాలుగు గదులూ పచ్చ లైను. ఒక్కో లైనుకి నైట్రోజన్ నింపిన ఒక అక్యుములేటర్. అది గ్యాసు స్ప్రింగులా పనిచేసే సీసా: నూనె తోసుకొస్తే గ్యాసు నొక్కుకుంటుంది, ఒత్తిడి తగ్గితే నూనెని వెనక్కి తోస్తుంది.

డెక్కు ఎడమకి ఒరగబోయిందనుకోండి. ఎడమ నిండు గదుల నూనె, కుడి రాడ్డు గదుల నూనె రెండూ ఒకేసారి ఎర్ర లైనులోకి తోసుకొస్తాయి. చోటు లేదు, లైను గట్టిపడి ఒరగనివ్వదు. డెక్కు మొత్తం కిందికి దిగితే? నిండు గది వదిలిన నూనెలో చాలావరకు అటువైపు రాడ్డు గది పీల్చుకుంటుంది, అక్యుములేటర్‌కి వెళ్లేది రాడ్డు మందమంత నూనే. అందుకని మెత్తగా దిగుతుంది. ఎడమ పడవ ముక్కు లేచి కుడి పడవ తోక లేస్తే, అంటే మూలగా మెలితిరిగితే, లోపలికి పోయేదీ బయటికి వచ్చేదీ సమానం. ఏ లైనూ అడ్డుకోదు. ముందుకీ వెనక్కీ ఊగడాన్ని మాత్రం ఈ కలయిక ఆపదు. దానికి విడిగా ఎయిర్ స్ప్రింగులు పెట్టుకోవాల్సిందే.

అంకెల్లో చూద్దాం. 63 మిల్లీమీటర్ల బోరు (సిలిండరు లోపలి వ్యాసం), 36 మిల్లీమీటర్ల రాడ్డు, ర్యాముకి టన్ను బరువు. రెండు లైన్లలోనూ ఒకే ఒత్తిడి ఉన్నప్పుడు బరువు మోసేది రాడ్డు వైశాల్యమే, 10 చదరపు సెంటీమీటర్ల పైచిలుకు. అంటే 96 బార్ (ఒక బార్ అంటే దాదాపు మన చుట్టూ ఉన్న గాలి ఒత్తిడంత). ఖాళీ డెక్కు 2.4 టన్నులైతే 58 బార్. నైట్రోజన్ 50 బార్ పట్టించండి. అంతకంటే ఎక్కువ పట్టిస్తే ఖాళీగా వెళ్తున్నప్పుడు అక్యుములేటర్‌లో నూనె అయిపోయి డెక్కు దబ్బున కుదుపుతుంది. ఆక్సిజన్ సిలిండరు చేతికి అందింది కదా అని దాంతో నింపడం మాత్రం చావుతో చెలగాటం. నూనె తగిలితే పేలుతుంది.

రెండున్నర లీటర్ల అక్యుములేటర్లతో, నిండు బరువు మీద, ఒకవైపు 2 సెంటీమీటర్లు దిగి రెండోవైపు 2 సెంటీమీటర్లు లేచేసరికి ఒక లైను దాదాపు 123 బార్‌కి ఎక్కుతుంది, రెండోది 78కి పడుతుంది. పదిమంది ఒక పక్కకి జరిగితే ర్యాములు నొక్కుకునేది మూడు నాలుగు మిల్లీమీటర్లే. కింద పడవలు ఒరగకుండా ఉంటే రసమట్టంలో బుడగ కదిలిందా లేదా అన్నట్టుంటుంది.

ఇక్కడే పెద్ద పొరపాటు జరుగుతుంది. ర్యాములు ఒరగనివ్వనిది పడవల మీద డెక్కుని. నీటి మీద పడవలు ఒరగకుండా అవి చెయ్యగలిగింది ఏమీ లేదు. 8 మీటర్ల పొడవు, 60 సెంటీమీటర్ల వెడల్పు పడవలు రెండు, మధ్య దూరం రెండున్నర మీటర్లు, మొత్తం బరువు ఐదున్నర టన్నులు అనుకోండి. మెటాసెంట్రిక్ ఎత్తు, అంటే ఒరిగిన పడవ మళ్లీ నిలబడే బలానికి కొలత, 90 సెంటీమీటర్లు ఉంటే, 65 కిలోల మనుషులు పదిమంది నడుమ నుంచి 1.2 మీటర్లు పక్కకి జరిగినప్పుడు పడవ 9 డిగ్రీలు ఒరుగుతుంది. సస్పెన్షన్ ఇరికించడం కోసం మొత్తం గరిమనాభి 30 సెంటీమీటర్లు పైకి వెళ్లిందా, ఆ 90 కాస్తా 60 అయ్యి అదే పదిమందికి 13 డిగ్రీలు దాటుతుంది. మంచి చేద్దామని తెచ్చిన సామాను పడవని ఇంకా ఒరిగించింది. పడవల మధ్య దూరం 3 మీటర్లు చెయ్యండి, ఆరు డిగ్రీల లోపుకి దిగుతుంది. ఆ అర మీటరుకి అయ్యేది కొంత ఇనుము, కొంత వెల్డింగు.

ఇంకో మాట. ఆ ఒరుగుని పంపుతో సరిచేసి డెక్కుని మట్టంగా ఉంచొచ్చు, సెన్సార్లు ఆ పని నిమిషంలో చేసిపెడతాయి. నా మాట వింటే జనాన్ని ఎక్కించుకునే పడవలో అలా చెయ్యొద్దు. ఒక పడవ అంచు నీళ్ల దాకా మునుగుతున్నా సరంగు కాళ్ల కింద నేల మట్టంగానే ఉంటుంది. తెలియాల్సినవాడికే తెలియదు. 2017 నవంబర్ 12న ఇబ్రహీంపట్నం పవిత్ర సంగమం దగ్గర పడవ తిరగబడి 20 మందికి పైగా పోయిన ఊరు మనది. రేవులో జనం ఎక్కాక ఎత్తు సరిచేసి వాల్వు మూసెయ్యండి. ప్రయాణంలో పంపు ముట్టుకోవద్దు.

ఇప్పుడు ఆటోనగర్ పని. పాత జేసీబీ ర్యాములు చవగ్గా దొరుకుతాయి, కానీ రాడ్డు మీద క్రోమ్ లేచి ఉంటే సీలు కిట్టు ఎన్నిసార్లు మార్చినా కారుతుంది. మచిలీపట్నం, నిజాంపట్నం వైపు ఉప్పునీటికైతే అసలు పనికిరాదు. ర్యాము నిలువు బరువే మొయ్యాలి. పక్కతోపుని పడవనీ డెక్కునీ కలిపే లింకు చేతులు మొయ్యాలి, లేకపోతే సీలు ఒకపక్క అరిగిపోతుంది. అక్యుములేటర్ మూతి దగ్గర డ్యాంపర్ వాల్వు తప్పనిసరి. అది లేకపోతే అల పోయినా డెక్కు ఉయ్యాలలా ఊగుతూనే ఉంటుంది.

గాలి విషయంలో బ్రేకు మెకానిక్‌లు భయపడినంత భయం అక్కర్లేదు. 100 సీసీల గాలి 96 బార్ కింద ఒక సీసీ అయిపోతుంది, పట్టు తగ్గదు. అయితే సీళ్లని మాడుస్తుంది, అందుకని కింద నుంచి నూనె ఎక్కిస్తూ పై ప్లగ్గులోంచి గాలి తీసెయ్యండి. మే నెల సంగతి వేరు. తెల్లవారి 30 డిగ్రీలు మధ్యాహ్నానికి 45 అయితే నైట్రోజన్ ఉబ్బి డెక్కు 3 సెంటీమీటర్లు లేస్తుంది, నూనె వ్యాకోచం కలిపితే ఇంకాస్త. ఎవరో పంపు నొక్కారని తగాదాపడకండి. అక్యుములేటర్లని నీడలో పెట్టండి.

అన్నిటికంటే ప్రమాదం ఒక లైను పగలడం. ఎర్ర లైను పగిలితే ఎడమ ర్యాములు బరువు వదిలెయ్యడంతో ఆగవు. పచ్చ లైను ఒత్తిడి వాటి రాడ్డు గదుల్లో ఉంది కాబట్టి ఒక్కోటి రెండు టన్నులతో డెక్కుని కిందికి లాగుతుంది, కుడివైపు ఒక్కో ర్యాము మూడు టన్నులతో పైకి తోస్తుంది. డెక్కు ఒక్కసారిగా ఒరుగుతుంది. అందుకే ఏ లైనైనా 30 బార్ కంటే కిందికి పడితే రెండు లైన్లనీ కలిపేసే వాల్వు ఒకటి ఉండాలి. అప్పుడు డెక్కు రెండువైపులా సమానంగా దిగి రబ్బరు దిమ్మల మీద కూర్చుంటుంది. ఈ వాల్వు లేని పడవలో మనిషిని ఎక్కించకూడదు.

నీళ్లలోకి దించాక జనానికి ముందు ఇసక బస్తాలు ఎక్కించండి. 50 కిలోలవి పదమూడు, నడుమ నుంచి 1.2 మీటర్ల పక్కకి. పంపు కట్టేసి అరగంట ఆగండి. బస్తాల వైపు డెక్కుకీ పడవకీ మధ్య ఎడం తగ్గుతూ, రెండోవైపు పెరుగుతూ పోతే పిస్టన్ సీలు లోపల వదులుతోంది. ఒకవైపు కాస్త ఎక్కువైనా సరే, రెండువైపులా తగ్గితే బయట ఎక్కడో కారుతోంది, లేదా నైట్రోజన్ పోతోంది. ఆ ఎడంతో పాటు ఒక్కో పడవ అంచు నీటికి ఎంత ఎత్తులో ఉందో కూడా టేపు పెట్టి కొలిచి, రెండు అంకెలూ విడివిడిగా పుస్తకంలో రాయండి. మొదటి అంకె ర్యాముల గురించి, రెండోది పడవ గురించి.