ఎక్కేవాడు, ఎక్కుతాడు

(తెలుగు భాషా దినోత్సవం నాడు మండల గ్రంథాలయంలో చేసిన ప్రసంగం)

వేదిక మీదున్న పెద్దలకు, తోటి ఉపాధ్యాయులకు, ముందు వరసలో చాపల మీద కూర్చున్న పిల్లలకు నమస్కారం. శాలువా కప్పారు, నా గురించి నాలుగు మంచి మాటలు చెప్పారు. ధన్యవాదాలు. నాకిచ్చింది పదిహేను నిమిషాలు. అందులో ఐదు దండలకే పోయాయి కాబట్టి నేరుగా విషయంలోకి వస్తాను.

తెలుగు రోజున ఇంగ్లిషు మాస్టారికేం పని అని ఇందాక గుమ్మం దగ్గర ఒకాయన అడిగారు. పని ఉంది. ముప్ఫై ఏళ్ళు తెలుగు మీడియం పిల్లలకు ఇంగ్లిషు చెప్పాను. అందులో ఒక తప్పు చెప్పాను. అది మీ ముందు చెప్పుకోవాలనే వచ్చాను.

నా దగ్గర పదో తరగతి చదివిన ఒక అమ్మాయి ఉండేది. వాళ్ళ నాన్న కల్లుగీత కార్మికుడు. తెల్లారకముందే మోకు భుజాన వేసుకుని తాటిచెట్లలోకి పోయే మనిషి. ఆ అమ్మాయి డిగ్రీ పూర్తి చేసి ఒక ఉద్యోగానికి ఇంటర్వ్యూకి వెళ్ళింది. మీ కుటుంబం గురించి చెప్పమన్నారు. ‘మై ఫాదర్ యూజ్డ్ టు క్లైమ్ టాడీ ట్రీస్’ అంది. ఎదురుగా కూర్చున్నాయన మొహం మార్చుకుని, అయ్యో, మీ నాన్నగారు ఎప్పుడు పోయారమ్మా అని ఇంగ్లిషులో అడిగాడు. ఆ పిల్లకు అర్థం కాలేదు. అర్థమయ్యాక ఇక నోట మాట రాలేదు. ఆ ఉద్యోగం రాలేదు.

మర్నాడు నా దగ్గరికి వచ్చింది. ‘సార్, మా నాయిన మంచిగనే ఉన్నడు గదా సార్. ఇయ్యాల పొద్దుగాల గూడ చెట్టెక్కిండు. వాళ్లెందుకట్ల అడిగిన్రు?’ అంది.

ఎందుకంటే, అమ్మా, నేను బోర్డు మీద అలా రాశాను. ‘అలవాటైన పనికి యూజ్డ్ టు వాడాలి.’ గైడులో ఉన్న ముక్క. నేనూ అదే చదువుకున్నాను, అదే చెప్పాను. వాళ్ళ నాన్నకు చెట్టెక్కడం అలవాటే కదా! ఆ పిల్ల నేను చెప్పింది చెప్పినట్టే వాడింది. తప్పు ఆమెది కాదు.

ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు. తర్వాత ఆలోచిస్తే తెలిసింది, ఇదంతా మన నోట్లోనే ఉందని. ‘మా నాన్న తాటిచెట్లు ఎక్కేవాడు’ అని తెలుగులో అనండి. వినేవాళ్ళు ఏమంటారు? ‘ఇప్పుడు ఎక్కట్లేదా?’ అంటారు. ‘ఎక్కుతాడు’ అంటే ఎవరూ అలా అడగరు. ఆరేళ్ళ పిల్ల కూడా ఈ రెండూ కలిపేయదు. ‘ఎక్కేవాడు’ అంటే ‘యూజ్డ్ టు క్లైమ్’. ‘ఎక్కుతాడు’ అంటే ‘క్లైమ్స్’. ఈ ఒక్క ముక్క నేను తెలుగులో చెప్పి ఉంటే ఆ అమ్మాయి బతికున్న తండ్రిని తన నోటితో పోగొట్టుకునేది కాదు.

అంతేకాదు, కొంచెం ఓపిక పట్టండి, ఇది నాకు చాలా ఇష్టమైన సంగతి. ‘నేను హైదరాబాద్‌కి మూడుసార్లు వెళ్ళేవాణ్ణి’ అని ఎవరైనా అంటారా? అనం. ‘మూడుసార్లు వెళ్ళాను’ అంటాం. ‘నెలకు మూడుసార్లు వెళ్ళేవాణ్ణి’ అంటే సరే. ఇంగ్లిషులోనూ అంతే. మొత్తం ఇన్నిసార్లు అని లెక్క కట్టి చెప్పేటప్పుడు యూజ్డ్ టు రాదు, ‘వెంట్ త్రీ టైమ్స్’ అనాలి. ఎక్కడో సముద్రాల అవతల పుట్టిన భాషకీ మన భాషకీ ఇంత దగ్గరి పోలిక ఉంటే, దాన్ని వదిలేసి పిల్లల చేత ఫార్ములాలు బట్టీ పట్టిస్తున్నాం. సబ్జెక్ట్ ప్లస్ యూజ్డ్ టు ప్లస్ వి వన్. భాష ఏమన్నా ఆల్జీబ్రానా?

అసలు చిక్కు ‘అలవాటు’ అనే మాటతో వచ్చింది. ‘నాకు నడవడం అలవాటే’ అంటే ‘ఐ యామ్ యూజ్డ్ టు వాకింగ్’. ముందు యామ్, వెనక ఇంగ్. అది వేరే సంగతి. కత్తిని దేనికో వాడారు అనేటప్పుడు వచ్చే ‘యూజ్డ్’ ఇంకో సంగతి. పలకడం కూడా వేరు. కత్తి దగ్గర ‘యూజ్డ్’, ఎక్కేవాడు దగ్గర ‘యూస్ట్’. చెవితో వింటే తెలిసిపోతుంది. కానీ మన క్లాసుల్లో ఇంగ్లిషును కళ్ళతో చదివిస్తాం, చెవిన పడనివ్వం.

ఇంకొకటి. ‘డైలీ ఐ విల్ గెటప్ ఎట్ ఫైవ్’ అంటే, ‘విల్’ రేపటి పనికి కదా అని మనవాళ్ళను చూసి నవ్వుతారు. నవ్వకండి. మన ‘లేస్తాను’ రోజూ లేవడానికీ అదే, రేపు లేవడానికీ అదే. తెలుగు మాస్టారు ఎనిమిదో తరగతిలో ‘సూర్యుడు తూర్పున ఉదయిస్తాడు’ అని రాసి ఇది తద్ధర్మ క్రియ అని చెబుతారు. స్వభావాన్ని, ఎప్పుడూ జరిగేదాన్ని చెప్పే క్రియ. తర్వాతి పీరియడులో నేను వెళ్ళి ‘ది సన్ రైజెస్ ఇన్ ది ఈస్ట్’ అని రాస్తాను. బోర్డు మీద ఆయన రాసింది తుడిచేసి మరీ రాస్తాను! ఆ రెండూ పక్కపక్కన ఉంచితే పాఠం అయిపోయేది. ఎన్నేళ్ళు తుడిచానో.

ఇవాళ ఎవరి పుట్టినరోజు? 1863 ఆగస్టు 29న పుట్టిన గిడుగు రామమూర్తి గారిది. వ్యావహారిక భాష కోసం పోరాడారని అందరూ చెబుతారు, ఇందాక ముగ్గురు చెప్పారు. నాకు ఆయన మరో పని ఎక్కువ గుర్తొస్తుంది. పర్లాకిమిడిలో పనిచేస్తూ సవరలనే గిరిజనుల భాష, సవర భాష నేర్చుకున్నారు. అప్పటికి దానికి రాత లేదు, గైడు లేదు. సవర మనిషిని ఇంట్లో పెట్టుకుని, విని, అడిగి, మళ్ళీ విని నేర్చుకున్నారు. సవర పిల్లలకు సవరలోనే చదువు చెప్పాలన్నారు. పిల్ల నోట్లో ఉన్న మాట దగ్గర మొదలుపెట్టిన మనిషి ఆయన. ఆయన పటానికి దండ వేసి, రేపు పొద్దున్నే బడికి వెళ్ళి ‘క్లాసులో తెలుగు మాట్లాడితే ఫైన్’ అంటే ఎలాగండీ? అలా ఫైన్ కట్టించే బడులు ఉన్నాయి. పేర్లు చెప్పను. మీకు తెలుసు.

ఇంగ్లిషు వద్దనట్లేదు. ఆ మాట నా నోట రాదు. నా పిల్లలు బాగా నేర్చుకోవాలి. దానికి తెలుగు అడ్డం కాదు, మెట్టు అంటున్నాను. ఆ అమ్మాయి మరో చోట ఉద్యోగంలో చేరింది. అడిగినచోట ‘మై ఫాదర్ క్లైమ్స్ టాడీ ట్రీస్’ అని గట్టిగా చెప్పానంది ఫోన్‌లో. క్లైమ్స్ చివర ఆ ‘స్’ నొక్కి మరీ పలికింది.

టైమయిందని కార్యదర్శి గారు చెయ్యి చూపిస్తున్నారు. ఒక్క ఐదు నిమిషాలు ఇవ్వండి. అక్కడ గోడకు బోర్డుంది, సుద్దముక్క నేనే తెచ్చుకున్నాను. పిల్లలూ, ఒకప్పుడు మీ ఊళ్ళో ఏది ఉండేది, ఇప్పుడు లేదు? మీ తాతను తలుచుకోండి, ఆయన రోజూ చెప్పే మాటే. ‘ఇక్కడ చెరువు ఉండేది.’ ‘దేర్ యూస్ట్ టు బి ఎ ట్యాంక్ హియర్.’ ఇప్పుడు మీరు చెప్పండి. ముందు తెలుగులోనే. ఆ చివర, నీలం చొక్కా బాబూ, నువ్వు లే. మీ ఊళ్ళో ఏముండేది?