ముల్లు దిగిన చోటికి తెల్లకణం దారి

శ్రోతలకు నమస్కారం.

నల్లగొండ బత్తాయి తోటల్లో పెరిగినవాళ్లకు ముల్లు గురించి నేను కొత్తగా చెప్పేదేమీ లేదు. మా నాయన మడమలో ఒకసారి ముల్లు దిగి లోపలే విరిగింది. ఆ పూట కుంటుకుంటూ పని చేసుకున్నాడు. రాత్రికి సలుపు మొదలైంది. తెల్లారేసరికి మడమ ఎర్రగా, ముట్టుకుంటే వేడిగా ఉంది, వాచింది. మూడో రోజు చీము పట్టింది. "చీము పట్టింది గదా, ఇగ ముల్లు ఎల్తది" అన్నది అమ్మ. అన్నట్టే వెళ్లింది.

చీములో ఎక్కువ భాగం తెల్ల రక్తకణాలే, చచ్చినవీ చావబోయేవీ. అవి ఉండాల్సింది రక్తంలో. ముల్లు గుచ్చుకున్నది కండలో. నాలుగు దిక్కులా మూసి ఉన్న రక్తనాళంలోంచి అవి బయటికి ఎట్లా వచ్చినయి?

ఈ ప్రశ్న మీద ఒకప్పుడు పెద్ద పేచీ నడిచింది. చీములోని కణాలు ఆ కండలోనే పుడతాయని బెర్లిన్‌లో విర్కో అనే మహా పండితుడి నమ్మకం. ఆయన దగ్గరే పనిచేసిన కోన్‌హైమ్ కప్ప పేగును పట్టి ఉంచే పల్చటి పొరను మైక్రోస్కోపు కింద పరిచి, గంటల తరబడి చూశాడు. తెల్లకణాలు సన్నని సిర గోడకు అంటుకోవడం, మెల్లగా గోడలోంచి అవతలికి జారడం కళ్లారా చూశాడు. 1867లో అచ్చు వేశాడు. గురువు మాట కన్నా కప్ప మాటే నిలిచింది.

ఇప్పుడు నాయన మడమలోకి వద్దాం. ముల్లు దిగగానే అక్కడ కావలి ఉన్న కణాలు హిస్టమిన్ లాంటి రసాయనాలు వదులుతాయి. వాటితో సన్నని రక్తనాళాలు వెడల్పవుతాయి. ఎరుపూ వేడీ అందుకే. గోడల సందుల్లోంచి నీరు ఊరుతుంది. వాపు అదే. నాళం వెడల్పై, నీరు బయటికి పోయి, రక్తం నడక మందగిస్తుంది. సాగర్ కాలువలో చూడండి, నడిమధ్య నీళ్లు ఉరుకుతుంటే ఆకూ అలమూ ఒడ్డుకు చేరతాయి. అట్లాగే తెల్లకణాలు నాళం అంచుకు వస్తాయి.

అంచుకు వచ్చినంత మాత్రాన ఆగవు. గోడ కణాల లోపల సెలెక్టిన్ అనే మాంసకృత్తు చిన్న చిన్న సంచుల్లో ముందే నిల్వ ఉంటుంది. కబురు అందిన కొద్ది నిమిషాల్లో అది పైకి తేలుతుంది. దాని పట్టు గట్టిది కాదు. చేని గట్టు మీద నడుస్తుంటే ఉత్తరేణి గింజలు పంచెను పట్టుకుంటాయే, పట్టుకుంటూ ఊడుతూ, ఆ లెక్కన. తెల్లకణం అంటుకుని, ఊడి, మళ్లీ అంటుకుని గోడ వెంట దొర్లుతుంది. ఈ దొర్లుడు నాకు చాలా ఇష్టమైన ఘట్టం. రక్తం వేగానికి కొట్టుకుపోవలసిన కణం, గోడను తడుముకుంటూ పోతున్నట్టు ఉంటుంది.

ఆ తడుములాటలో దానికి కీమోకైన్లు అనే రసాయనాలు తగులుతాయి. "ఇక్కడే దిగు" అనే కబురు అవి. అంతే, కణం ఒంటి మీద ముడుచుకుని ఉన్న ఇంటెగ్రిన్ కొక్కేలు నిటారుగా లేస్తాయి, గోడను గట్టిగా పట్టేస్తాయి. దొర్లుడు ఆగుతుంది. కణం పల్చగా పరుచుకుని, రెండు గోడ కణాల మధ్య అతుకు వెతుక్కుంటూ పాకుతుంది. ముందుగా వచ్చే తెల్లకణాలు న్యూట్రోఫిల్స్. వాటి కేంద్రకం గుండ్రంగా ఉండదు, చింతకాయలాగా బొడిపెలు బొడిపెలుగా ఉంటుంది. అందుకే ఇరుకు సందులో ఒక్కో బొడిపె దూర్చుకుంటూ నిమిషాల్లో అవతల పడుతుంది. ఆ తర్వాత కబురు ఏ దిక్కున చిక్కగా ఉంటే ఆ దిక్కుకు, ముల్లు దాకా, నడకే. మొదటి రోజంతా వీటిదే. మరుసటి రోజుకు మోనోసైట్లు అనే ఇంకో రకం తెల్లకణాలు వచ్చి పెద్ద భక్షక కణాలుగా మారి, చచ్చిన న్యూట్రోఫిల్స్‌ను కూడా మింగి శుభ్రం చేస్తాయి.

నేను ల్యాబులో పనిచేసిన రోజుల్లో చాలామంది రిపోర్టు పట్టుకుని టెన్షన్‌గా అడిగేవాళ్లు, "తెల్లకణాలు పెరిగినయి, ఇన్‌ఫెక్షనేనా సార్?" అని. ఒక ఘన మిల్లీమీటరు రక్తంలో సుమారు 4,000 నుంచి 11,000 దాకా మామూలే. కానీ ఆ లెక్క పారుతున్న కణాలది మాత్రమే. న్యూట్రోఫిల్స్‌లో దాదాపు సగం ఏ వేళనైనా గోడలను అంటి ఉంటాయి, సూదికి దొరకవు. బాగా ఉరికి వచ్చి రక్తం ఇచ్చినా, స్టెరాయిడ్ సూది వేయించుకున్నా, అవి గోడ వదిలి ప్రవాహంలోకి వస్తాయి. ఏ రోగమూ ముదరకుండానే లెక్క పెరుగుతుంది. షుగర్ అదుపు తప్పినవాళ్లలో తీరు వేరు. లెక్క నిండుగానే ఉన్నా కణాల నడకా, సూక్ష్మజీవులను చంపే పనీ మందగిస్తాయి. పైగా కాలికి స్పర్శ తగ్గి సలుపు తెలియదు. ముల్లు దిగిందని చెప్పేదే ఆ సలుపు.

చాలా అరుదుగా, పుట్టుకతోనే ఇంటెగ్రిన్ కొక్కేలు లేని పిల్లలు ఉంటారు. వాళ్ల తెల్లకణాలు దొర్లుతాయి గానీ ఆగలేవు. రక్తంలో లెక్క చూస్తే మామూలు కన్నా ఎన్నో రెట్లు. ఒంటి మీద పుండ్లు మాత్రం మానవు, చీము చుక్క కూడా కనిపించదు. డాక్టర్లకు మొదటి అనుమానం తరచు బొడ్డు దగ్గరే వస్తుంది. మామూలుగా వారం, రెండు వారాల్లో ఎండి రాలే బొడ్డుతాడు వీళ్లకు నెల దగ్గరికి వచ్చినా ఊడదు. అది రాలాలంటే కూడా న్యూట్రోఫిల్స్ నాళం దాటి అక్కడికి రావాలి. బాలింత ఇంటికి వచ్చిన ముసలమ్మలు గడప దాటీ దాటకముందే అడుగుతారు, "బొడ్డు ఊడిందా బిడ్డా?" అని.

నమస్కారం.