అరవై దాటాక విదేశీ ప్రయాణం: పున్నమి ఘాట్ మెట్ల మీద వేసిన లెక్క

(దృశ్యం: విజయవాడ, భవానీపురం, పున్నమి ఘాట్. తెల్లవారి ఐదున్నర. ఎదురుగా భవానీ ద్వీపం మసకగా కనిపిస్తుంటుంది. నడక ముగించిన నలుగురు స్నేహితులు మెట్ల మీద కూర్చుని ఉంటారు. ఫ్లాస్కులోంచి స్టీలు గ్లాసుల్లోకి కాఫీ వంపుతున్న చేయి దగ్గరగా.)

వ్యాఖ్యానం:
నమస్కారం. ఈ మెట్ల మీద కూర్చునే మా నలుగురిలో అందరికంటే చిన్నవాడిని నేను. నాకు అరవై మూడు. తక్కిన ముగ్గురిలో ఒకరు రైల్వే గార్డుగా పదవీ విరమణ చేసిన అన్నయ్యగారు, ఒకరు కాలేజీలో ఫిజిక్స్ చెప్పిన మాస్టారు, మరొకరు వన్‌టౌన్‌లో బట్టల కొట్టు నడిపి ఈ మధ్యే కొడుకు చేతికి అప్పగించిన శెట్టిగారు. విదేశీయానం మాట ఎప్పుడు వచ్చినా మాస్టారు, "మూడుసార్లు అమెరికా వెళ్లొచ్చానండీ" అంటారు. ఒకరోజు అన్నయ్యగారు, "అక్కడ ఏం చూశారు మాస్టారూ?" అని అడిగారు. ఆయన కాసేపు ఆలోచించి, "మనవడి డైపర్లు, గిన్నెలు కడిగే యంత్రం, మంచు పడుతున్నప్పుడు కిటికీలోంచి పార్కింగు స్థలం" అన్నారు.

అందరం నవ్వుకున్నాం గాని, ఆ మాటలో మన ప్రాంతపు తల్లిదండ్రుల కథంతా ఉంది. కృష్ణా, గుంటూరు జిల్లాల్లో అరవై దాటినవారి పాస్‌పోర్టుల మీద పడిన ముద్రల్లో చాలా భాగం కూతురి పురుటికో, కోడలి పురుటికో వెళ్లినప్పుడు పడినవే. అది బాధ్యత, అందులో ఆనందమూ ఉంది, కాదనను. కాని దాన్ని విహారయాత్ర కింద జమ కట్టుకుంటే మనల్ని మనమే మోసం చేసుకున్నట్లు. భార్యాభర్తలు తమకోసం తాము వెళ్లే పది రోజుల ప్రయాణం వేరు. దానికి ఏ దేశమన్న ప్రశ్న ఆఖరున వేసుకోవాలి. మన శరీరం ఎన్ని గంటలు కూర్చోగలదు, మన పేరు కాగితాల్లో ఎలా ఉంది, మన మందులు ఏ సంచీలో ఉంటాయి అన్నవి ముందు తేలాలి.

(తెర మీద అక్షరాలు: ఇంటి గడప నుంచి హోటల్ గడప దాకా)

వ్యాఖ్యానం:
టికెట్టు మీద అచ్చయ్యే సమయం విమానం గాలిలో ఉండే సమయం మాత్రమే. గన్నవరం విమానాశ్రయానికి 2017లో అంతర్జాతీయ హోదా వచ్చినా, మనలో ఎక్కువమంది ఇప్పటికీ శంషాబాద్ వెళ్లే ఎక్కుతున్నాం. అంటే విజయవాడ వాసికి విదేశీయానం బస్సులోనే మొదలవుతుంది. రోడ్డు మీద ఆరు గంటలు, విమానాశ్రయంలో మూడు గంటలు, బ్యాంకాక్ దాకా ఇంచుమించు మూడున్నర గంటలు, దిగాక ఇమిగ్రేషన్ వరుసకూ టాక్సీకీ రెండు గంటలు వేసుకుంటే, దగ్గరిదనుకున్న ఊరికే పద్నాలుగున్నర గంటలు పడుతుంది. దుబాయ్‌లో విమానం మారి న్యూయార్క్ వెళ్లేవారికి ఈ లెక్క ముప్పై గంటలు దాటుతుంది. అన్నయ్యగారు జీవితమంతా రైలు సమయాలు రాసిన మనిషి కాబట్టి ఈ పద్దు ఆయనే వేసి చూపించారు, అదీ నా వార్తాపత్రిక అంచు మీద.

హైదరాబాదులో ఒక రాత్రి బస చేసి మర్నాడు విమానం ఎక్కడం దండగ ఖర్చని శెట్టిగారి అభిప్రాయం. నేను ఒప్పుకోను. ఆ ఒక్క రాత్రి నిద్ర ప్రయాణంలోని మొదటి రెండు రోజులను కాపాడుతుంది.

కూర్చోవడం గురించి మరొక మాట. నాలుగు గంటలకు మించి కదలకుండా ప్రయాణం చేస్తే కాళ్ల సిరల్లో రక్తం గడ్డకట్టే అవకాశం రెట్టింపవుతుందని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2007లో వెలువరించిన అధ్యయనం చెప్పింది. భయపడవలసినంత లేదు, అదే అధ్యయనం ప్రకారం అలా జరిగేది సుమారు ఆరు వేల మందిలో ఒకరికి. అయినా గతంలో కాలి సిరల్లో గడ్డ వచ్చినవారు, ఈ మధ్య మోకాలికో తుంటికో శస్త్రచికిత్స అయినవారు డాక్టరును అడగకుండా టికెట్టు కొనకూడదు. మిగిలినవారు నడవ పక్క సీటు తీసుకుని, గంటకో రెండు గంటలకో ఒకసారి లేచి నడిచి, కూర్చున్నచోటే మడమలు ఎత్తి దించుతూ, నీళ్లు తాగుతూ ఉంటే చాలు. బాత్రూముకు లేవవలసి వస్తుందని నీళ్లు మానేసే అలవాటు మన ఆడవాళ్లలో మరీ ఎక్కువ. లేవడమే కదా మనకు కావలసింది!

"విమానం లోపల ఉన్నంతసేపూ మీరు కొండ మీద ఉన్నట్లే లెక్క" అంటారు మాస్టారు. నిజమే. విమానం ఎంత ఎత్తున ఎగిరినా లోపలి గాలి పీడనాన్ని 1,800 నుంచి 2,400 మీటర్ల ఎత్తులో ఉండే స్థాయిలో నిలుపుతారు. ఊటీ ఎత్తు 2,240 మీటర్లు. ఊటీలో మెట్లెక్కినా ఆయాసపడనివారికి ఇబ్బంది లేదు. గుండె, ఊపిరితిత్తుల జబ్బులున్నవారు మాత్రం ఈ సంగతి చెప్పి డాక్టరు సలహా తీసుకోవాలి.

(దృశ్యం: బల్ల మీద మందుల డబ్బా. వారం రోజుల గదులు. ఉదయం, రాత్రి అని స్కెచ్ పెన్నుతో రాసి ఉంటుంది. ఒక గది ఖాళీగా ఉంటుంది.)

వ్యాఖ్యానం:
ఈ డబ్బా నాదే. ఆరేళ్ల కిందట మొదటిసారి ప్యాకేజీ యాత్రకు వెళ్లినప్పుడు, చేతిసంచీ బరువవుతుందని దీన్ని పెద్ద సూట్‌కేసులో పెట్టి చెక్-ఇన్‌లో వేశాను. మేము దిగాము, సూట్‌కేసు దిగలేదు. అది మూడో రోజు వచ్చింది. ఆ రెండు రోజులూ బీపీ మాత్ర కోసం ఆ ఊరి మందుల దుకాణాల చుట్టూ తిరిగాను. నా చేతిలోని చీటీ మీద ఇక్కడి కంపెనీ పేరుంది, అక్కడివారికి ఆ పేరు తెలియదు. ఒక ముసలి ఫార్మసిస్టు ఓపికగా నా ఫోన్‌లోని ఫొటో పెద్దది చేసి, మాత్రల పట్టీ మీద సన్న అక్షరాల్లో ఉన్న ఆమ్లోడిపిన్ అన్న మాట చదివాక గాని నాకు మందు దొరకలేదు.

అందుచేత చీటీలో మందు అసలు పేరు, మోతాదు టైపు చేయించి, డాక్టరు సంతకంతో తీసుకువెళ్లాలి. ప్రయాణపు రోజులకు మరో రెండు వారాల మాత్రలు కలుపుకుని, అన్నీ చేతిసంచీలోనే, కంపెనీ పట్టీల్లోనే ఉంచుకోవాలి. ఇన్సులిన్‌ను విమానం అడుగున ఉండే సామాను అరలో వేస్తే గడ్డకట్టి పాడయ్యే ప్రమాదముంది, కనుక అది తప్పనిసరిగా వెంట ఉండవలసిందే. చేతిసామానులో ద్రవాలకు ఉండే 100 మిల్లీలీటర్ల పరిమితి నుంచి వైద్యానికి అవసరమైన మందులకు మినహాయింపు ఉంది. గల్ఫ్ దేశాలకు వెళ్లేవారు మరొకటి చూసుకోవాలి: ట్రమడాల్, కోడీన్ వంటి నొప్పి మందులు యూఏఈలో ముందస్తు అనుమతి లేకుండా వెంట ఉంటే కేసవుతుంది.

కాలభేదం సంగతి చక్కెర వ్యాధి ఉన్నవారికి ముఖ్యం. న్యూయార్క్‌కూ మనకూ వేసవిలో తొమ్మిదిన్నర గంటలు, చలికాలంలో పదిన్నర గంటలు తేడా. పడమటికి వెళ్తే ఆ రోజు సాగుతుంది, తూర్పుకు వెళ్తే కురచవుతుంది. సాగిన రోజున ఇన్సులిన్ ఎప్పుడు, ఎంత అన్నది డాక్టరు చేత రాయించుకోవాలి గాని విమానంలో సొంత లెక్కలు వేయకూడదు.

బీమా తీసుకునేటప్పుడు ఉన్న జబ్బును దాచిపెట్టి ప్రీమియం మిగుల్చుకోవడం అన్నిటికంటే ఖరీదైన పొదుపు. చాలా పాలసీలు పాత జబ్బులకు ప్రాణాపాయం ఏర్పడినప్పుడే, అదీ ఒక పరిమితి వరకే చెల్లిస్తాయి. అరవై, డెబ్బై దాటినవారికి గది అద్దెకూ ఆపరేషనుకూ విడివిడి పరిమితులు పెట్టే పాలసీలూ ఉన్నాయి. ఏజెంటు చెప్పిన మాట కాదు, ఆ పరిమితుల పట్టిక చదవాలి.

(తెర మీద అక్షరాలు: పేరు ఎంత పొడుగు?)

వ్యాఖ్యానం:
అన్నయ్యగారి భార్య, మా వదినగారు, డెబ్బై ఏళ్లకు మొదటి పాస్‌పోర్టుకు సిద్ధమయ్యారు. ఆధార్ కార్డులో ఆమెకు ఒకే ఒక్క పేరుంది, ఇంటిపేరు లేదు. మన పెద్దతరం స్త్రీలలో ఇది మామూలే. ఒకే పేరుతో పాస్‌పోర్టు వస్తుంది గాని ఆ పైన చిక్కులు మొదలవుతాయి. అమెరికా వీసాలో ఇంటిపేరు గడిలో ఆ పేరు వేసి, అసలు పేరు గడిలో "తెలియదు" అని అర్థమిచ్చే మూడక్షరాల పొట్టిమాట వేస్తారు. యూఏఈ 2022 నవంబరులో ఒకే పేరున్న పాస్‌పోర్టులతో వచ్చే సందర్శకులను అనుమతించబోమని ప్రకటించి, తరువాత రెండో పేజీలో తండ్రి పేరో కుటుంబం పేరో ఉంటే సరేనంది. అందువల్ల ముందు ఆధార్‌లో ఇంటిపేరు చేర్పించి, ఆ తరువాత పాస్‌పోర్టుకు పెట్టడమే దారి. మగవారికి మరో తంటా: సర్టిఫికెట్లలో ఇంటిపేరు ఒక్క అక్షరంగా ఉంటుంది. పాస్‌పోర్టులో దాన్ని పూర్తిగా విప్పి రాయాలి, టికెట్టు కూడా ఆ వరుసలోనే కొనాలి.

అరవై దాటినవారికి కొత్త పాస్‌పోర్టు రుసుములో పది శాతం రాయితీ ఉంది. 36 పేజీల పుస్తకానికి 1,500 రూపాయలకు బదులు 1,350 అవుతుంది. ఇప్పటికే పాస్‌పోర్టు ఉన్నవారు గడువు చూసుకోవాలి. చాలా దేశాలు ప్రయాణ సమయానికి కనీసం ఆరు నెలల చెల్లుబాటు ఉండాలంటాయి.

పెన్షన్ మాట మరిచిపోయేలోగా చెబుతాను. అన్నయ్యగారి వంటి కేంద్ర పెన్షనర్లు నవంబరులో, బతికే ఉన్నామని చూపే జీవన ప్రమాణ పత్రం ఇవ్వాలి. ఎనభై దాటినవారు అక్టోబరు 1 నుంచే ఇవ్వవచ్చు. ఫోన్‌లో ముఖం చూపించి ఇచ్చే పద్ధతి 2021లో వచ్చింది. ఆ పని ముగించుకుని డిసెంబరులో బయలుదేరితే మనసు నిలకడగా ఉంటుంది.

(దృశ్యం: ప్రపంచ పటం మీద శెట్టిగారి వేలు. స్విట్జర్లాండు దగ్గర ఆగుతుంది.)

వ్యాఖ్యానం:
ఇప్పుడు దేశం. శెట్టిగారికి ఒక కరపత్రం దొరికింది: పదకొండు రోజుల్లో ఎనిమిది దేశాలు. షెంగెన్ అనే యూరపు ఉమ్మడి వీసా ఒక్కటి ఉంటే 29 దేశాలు తిరగవచ్చన్నది నిజమే. ఆరు నెలల ముందు నుంచి దరఖాస్తు చేయవచ్చు, పెద్దలకు రుసుము 90 యూరోలు, కనీసం 30,000 యూరోల వైద్య బీమా ఉండాలి. కాని ఆ యాత్ర అసలు స్వరూపం కరపత్రంలో కనిపించదు. రోజూ తెల్లవారి ఐదున్నరకు సూట్‌కేసు గది బయట పెట్టాలి, ఆరున్నరకు బస్సు, రెండు గంటల ప్రయాణం, ఇరవై నిమిషాల ఫొటోలు, మళ్లీ బస్సు. నేను వెళ్లిన అలాంటి యాత్రలో నాకు బాగా గుర్తున్నది ముందు సీటు వెనకభాగం. ఒకే ఊళ్లో అయిదు రాత్రులు ఉండి, ఉదయం ఒకచోటు చూసి, మధ్యాహ్నం గదిలో నడుం వాల్చి, సాయంత్రం పార్కులో కూర్చునేవారు నాకంటే ఎక్కువ చూస్తారని నా నమ్మకం.

అన్నయ్యగారి మనసు ముక్తినాథ్ మీద ఉంది. నేపాల్‌కు మనకు వీసా అక్కర్లేదు, కాని ఆ గుడి ఉన్నది 3,700 మీటర్ల పైచిలుకు ఎత్తున. 2,500 మీటర్లు దాటితే ఎత్తు జబ్బు ఎవరికైనా రావచ్చు కనుక, మధ్యలో ఒకటి రెండు రాత్రులు ఆగి ఎక్కాలి. కైలాస మానససరోవరం సంగతి వేరు. మన విదేశాంగ శాఖ నిర్వహించే యాత్రకు వయసు 70 దాటకూడదు, ఎత్తుకు తగ్గ బరువు సూచిక (బీఎంఐ) 25 మించకూడదు. "నాకు డెబ్బై ఒకటి వచ్చాక చెబుతారేమండీ!" అని అన్నయ్యగారు నిష్ఠూరమాడారు.

డబ్బు విషయంలో ఒక్కటే: విదేశీ ప్యాకేజీ కొన్నప్పుడు ఏజెంటు టీసీఎస్ అనే పన్ను వసూలు చేస్తారు. అది పోయిన డబ్బు కాదు. ఎవరి పాన్ మీద కట్టారో చూసుకుని, రిటర్నులో సర్దుబాటు చేసుకోవచ్చు.

ఇక సామాను. ఆవకాయ సీసా చేతిసంచీలో సాగదు, అది ద్రవం కిందికే వస్తుంది. రెండు కవర్లలో బిగించి పెద్ద పెట్టెలో పెట్టాలి. మాంసం పచ్చళ్లు, పచ్చి కరివేపాకు అమెరికాలోకి రానివ్వరు. కరివేపాకు వెంట వచ్చే పురుగు అక్కడి నిమ్మజాతి తోటలకు తెగులు తెస్తుందని వారి భయం. మసాలాలో గసగసాలు కలిపే ఇల్లాళ్లు గల్ఫ్ ప్రయాణంలో ఆ పొట్లం ఇంట్లోనే వదిలేయాలి, అవి అక్కడ నిషేధం. ఎండుకొబ్బరి, తనలోని నూనె వల్ల నిప్పంటుకునే సరుకు కనుక, చెక్-ఇన్ పెట్టెలో పెట్టనివ్వరు.

చక్రాల కుర్చీ అడగడానికి మొహమాటపడనక్కర్లేదు. టికెట్టు కొన్నప్పుడే, కనీసం 48 గంటల ముందు చెబితే ఏర్పాటు చేస్తారు. మాస్టారు ఏళ్ల తరబడి, "నేను నడవగలనండీ" అంటూనే వచ్చారు. నడవగలరు. గంటన్నరసేపు వరుసలో నిలబడలేరు.

(దృశ్యం: మర్నాడు ఉదయం, అదే ఘాట్. నలుగురి భుజాన నాలుగు సంచీలు.)

వ్యాఖ్యానం:
చేతిసామానుకు చాలా విమానాల్లో పరిమితి ఏడు కిలోలు. ఆ ఏడు కిలోలతో ఎంత దూరం నడవగలమో ఇక్కడే తేల్చుకుందామని మాస్టారు ప్రతిపాదించారు. శెట్టిగారు సంచీలో బియ్యం పోసుకొచ్చారు, అన్నయ్యగారు పాత రైల్వే టైంటేబుళ్లు సర్దుకొచ్చారు. రెండో చుట్టులో శెట్టిగారు మెట్ల దగ్గర ఆగి, సంచీ దించి, భుజం రుద్దుకున్నారు. జేబులోంచి కరపత్రం తీసి, ఎనిమిది దేశాల్లో ఆరింటిని పెన్నుతో కొట్టేశారు.

"మిగిలిన రెండూ?" అన్నారు మాస్టారు.

"మూడో చుట్టు అయ్యాక చెబుతానండీ" అని శెట్టిగారు మళ్లీ సంచీ ఎత్తుకున్నారు.