ఇమ్యూనిటీ తగ్గించే మందులు వాడేవాళ్లని పెంపుడు కుక్కో పిల్లో కరిస్తే

అందరికీ నమస్కారం. కీళ్లవాతానికి, ఒంటి రక్షణే ఒంటి మీద తిరగబడే జబ్బైన లూపస్‌కి, కిడ్నీ మార్పిడి తర్వాత మందులు వాడేవాళ్లే ఇక్కడ ఎక్కువని చెప్పారు, అందుకని నేరుగా విషయానికొస్తాను. ఇంట్లో కుక్కో పిల్లో ఉన్నాక ఎప్పుడో ఒకసారి పన్ను దిగుతుంది, లేదా గోరు గీరుకుంటుంది. అప్పుడు మీకొచ్చే సందేహం నాకు తెలుసు. "మాకు టీకాలు పడవన్నారు కదా, ఈ రేబిస్ ఇంజెక్షన్ వేయించుకోవచ్చా?"

వేయించుకోవచ్చు కాదు, వేయించుకుని తీరాలి.

మీకు వద్దన్నవి బతికున్న వైరస్‌ని బలహీనం చేసి తయారుచేసే టీకాలు, అంటే తట్టు, ఆటలమ్మ, ఎల్లో ఫీవర్ లాంటివి. రేబిస్ టీకాలో ఉండేది చచ్చిన వైరస్, అది మీ ఒంట్లో పెరగదు, జబ్బు తెప్పించలేదు. మీరు భయపడాల్సింది టీకా హాని చేస్తుందని కాదు, సరిగ్గా పనిచెయ్యదేమోనని. టీకా తనంతట తాను వైరస్‌ని చంపదు, యాంటీబాడీలు తయారుచేయమని ఒంటికి పని పురమాయిస్తుంది, అంతే. మీరు మింగే మాత్రలేమో ఆ పనివాళ్లకి సగం సెలవు ఇచ్చేసి ఉంటాయి.

మొన్నామధ్య ఒకావిడ వచ్చారు. కీళ్లవాతానికి వారానికోసారి మెథోట్రెక్సేట్ అనే మాత్ర, రోజూ స్టెరాయిడ్ వాడుతున్నారు. పెంపుడు పిల్లి ముంజేతి మీద గీరింది, రక్తం రాలేదు, ఎర్రగా గీతలు పడ్డాయంతే. అంతకుముందు వెళ్లినచోట టీకా ఒక్కటే వేసి పంపారు. మామూలు మనిషికైతే అది సరైన వైద్యమే. మందుల సంగతి వాళ్లు అడగలేదు, ఈవిడ చెప్పలేదు. "కీళ్ల మాత్రలకీ పిల్లి గోరుకీ ఏం సంబంధం అనుకున్నానండీ" అన్నారు.

సంబంధం ఏమిటో చెప్తాను. గాయం లేని చర్మాన్ని నాకితే ఏమీ అక్కర్లేదు, కడుక్కుంటే చాలు. రక్తం రాని గీతలకి టీకా. పన్ను చర్మం దాటి దిగినా, రక్తం వచ్చినా, పుండు మీద నాకినా, ఉమ్మి కంట్లోనో నోట్లోనో పడినా టీకాతో పాటు ఇమ్యూనోగ్లోబ్యులిన్, మన వాడుకలో సీరం, అది కూడా ఇవ్వాలి. ఇది అందరికీ ఉన్న లెక్క. ఇమ్యూనిటీ తగ్గినవాళ్లకి రక్తం రాని గీతలకి కూడా సీరం ఇవ్వాలని మన జాతీయ మార్గదర్శకాలే చెప్తున్నాయి. టీకా కూడా చర్మం పొరలో వేసేది కాకుండా కండలోకి, 0, 3, 7, 14, 28 రోజుల్లో ఐదు డోసులు. మలేరియా మందు క్లోరోక్విన్ వాడేవాళ్లలో చర్మంలో వేసిన టీకాకి యాంటీబాడీలు తక్కువ వస్తాయని ఎప్పుడో తేలింది, మీలో చాలామంది వాడే హైడ్రాక్సీక్లోరోక్విన్ దాని తమ్ముడే.

సీరం అంటే రెడీమేడ్ యాంటీబాడీలు. మీ ఒళ్లు సొంతంగా తయారుచేసుకునేదాకా అవే కాపలా. దాన్ని గాయంలోకీ, గాయం చుట్టూ ఎక్కిస్తారు, వేలి కొస మీద కాటైతే చర్మం తెల్లగా బిగుసుకుపోయి ప్రాణం జివ్వుమంటుంది. ఓర్చుకోవాలి, వేరే దారి లేదు. మొదటి రోజు దొరక్కపోతే, మొదటి టీకా వేసిన ఏడు రోజుల్లోపు వేయించుకోవచ్చు. అలాగని ఏడో రోజుదాకా తాపీగా కూర్చోకండి.

ఆసుపత్రికి బయల్దేరే ముందు కుళాయి కింద సబ్బుతో పదిహేను నిమిషాలు కడగండి. ఈ వైరస్‌కి పైన కొవ్వు పొర ఉంటుంది, సబ్బు దాన్ని చెడగొడుతుంది. కుక్క కాటుకి చెప్పుదెబ్బ అంటారు గానీ, ఆ దెబ్బ సంగతి తర్వాత చూసుకోవచ్చు, ముందు సబ్బు. కారం, సున్నం, జిల్లేడు పాలు దగ్గరికి రానివ్వొద్దు.

"మా టామీకి టీకాలన్నీ వేయించాం సార్" అంటారు. సంతోషం. అయినా ఈరోజే మొదలుపెట్టండి, టామీని పది రోజులు కట్టేసి గమనించండి. పది రోజుల తర్వాత కూడా అది శుభ్రంగా తింటూ తిరుగుతుంటే మిగతా డోసులు ఆపాలా వద్దా అన్నది డాక్టరు చూసుకుంటారు. ముందు పది రోజులు చూసి అప్పుడు మొదలుపెడదాం అనడం మాత్రం ప్రాణంతో చెలగాటం, ఎందుకంటే రేబిస్ లక్షణాలు బయటపడ్డాక దాదాపు ఎవరూ బతకరు.

ఇంకో పొరపాటు ఉంది, ఇది చదువుకున్నవాళ్లే ఎక్కువ చేస్తారు. టీకా బాగా పనిచేయాలని తమ మందులు తామే ఆపేస్తారు. కిడ్నీ మార్పిడి తర్వాత వాడే టాక్రోలిమస్ ఆపితే ఆ కిడ్నీ పోవచ్చు, చాలాకాలంగా వాడుతున్న స్టెరాయిడ్ హఠాత్తుగా ఆపితే బీపీ పడిపోయి ప్రాణం మీదికి రావచ్చు. అదే రోజు మీ స్పెషలిస్టుకి ఫోన్ చేయండి, ఏదైనా తగ్గించాలంటే ఆయన చెప్తారు. రిటుక్సిమాబ్ అనే ఇంజెక్షన్ తీసుకున్నవాళ్లు మాత్రం చీటీ రాసే దగ్గరే ఆ మాట ముందు చెప్పండి. అది యాంటీబాడీలు తయారుచేసే బి కణాల్నే తుడిచేస్తుంది, ఆ ప్రభావం ఆరు నెలలు, ఒక్కోసారి ఇంకా ఎక్కువ ఉంటుంది. మీలాంటివాళ్లకి కోర్సు అయిన ఒకటి రెండు వారాలకి రక్తంలో యాంటీబాడీలు చూడాలి, మిల్లీలీటరుకి కనీసం 0.5 యూనిట్లు ఉండాలి. అంత లేకపోతే ఇంకో డోసు వేస్తారు.

రేబిస్ గోలలో పడి చీము సంగతి మర్చిపోతాం. పిల్లి పళ్లు సూదుల్లా సన్నం, లోతుగా దిగుతాయి, పైన రంధ్రం మూసుకుపోతుంది, లోపల పాశ్చురెల్లా అనే బాక్టీరియా ఒక్కరోజులోనే వాపు తెప్పిస్తుంది. స్టెరాయిడ్ వాడేవాళ్లలో జ్వరం, ఎరుపు బయటికి కనిపించకపోవచ్చు, అందుకని జ్వరం లేదుగా అని ఊరుకోకుండా యాంటీబయాటిక్, టెటనస్ గురించి మీరే అడగండి. ప్లీహం తీసేసినవాళ్లు అయితే మరీ ముఖ్యం.

మళ్లీ కరిస్తే? ముందు కోర్సు పూర్తిచేసిన మామూలు మనిషికి రెండు డోసులు చాలు. మీకు చాలవు, సీరంతో సహా మొత్తం మళ్లీ మొదటినుంచీ.

ఇక మీ ప్రశ్నలు అడగండి. రెండింటికి ముందే జవాబు చెప్పేస్తున్నాను. బొడ్డు చుట్టూ పద్నాలుగు ఇంజెక్షన్ల కాలం మన దేశంలో 2004తోనే పోయింది, ఇప్పుడు జబ్బకే వేస్తారు. పథ్యం ఏమీ లేదు, చికెన్ తినొచ్చు.