గురువుగారి గురించి రెండు నిమిషాలు

శ్రోతలకు నమస్కారం. బడి సభలో గురువుగారి గురించి రెండు నిమిషాలు ఎలా మాట్లాడాలో ఈరోజు చెప్పుకుందాం.

ఆగస్టు 29 గిడుగు రామమూర్తి పంతులుగారి పుట్టినరోజు, తెలుగు భాషా దినోత్సవం. సరిగ్గా వారం తిరిగేసరికి సెప్టెంబరు 5, గురుపూజోత్సవం. ఈ రెండు రోజులకీ బళ్లలో పిల్లలు మైకు ముందుకొచ్చి మాట్లాడతారు. "వ్యావహారిక భాషోద్యమ పితామహుడు, గిడుగు కాదు పిడుగు" అని మొదలుపెట్టి, బిరుదులు వరసగా చదివి దిగిపోతారు. బిరుదులన్నీ నిజమే. కానీ ఆ మాటల్లో పంతులుగారు ఏరి? ఆయన ఏం చేశారు?

ఏం చేశారో వినండి. ఇరవై ఏళ్లయినా నిండకుండానే, 1880లో, పర్లాకిమిడి రాజావారి స్కూల్లో పంతులుగా చేరారు. జీతం నెలకు 30 రూపాయలు. ఊరికి దగ్గర్లోని కొండల్లో సవరలనే గిరిజనులుండేవారు. వాళ్లకో భాష ఉంది, ఆ భాషలో చదువు చెప్పే బడి లేదు. పంతులుగారు తెలుగూ సవరా రెండూ వచ్చిన ఒక మనిషిని ఇంట్లోనే పెట్టుకుని ఆ భాష నేర్చుకున్నారు. సవరలో పుస్తకాలు రాశారు. సొంత డబ్బుతో బళ్లు పెట్టి, అయ్యవార్లకు జీతాలిచ్చారు. మద్రాసు ప్రభుత్వం ఆ పుస్తకాలకు పారితోషికం ఇవ్వబోతే, నాకొద్దు, ఆ డబ్బుతో సవర పిల్లలకు వాళ్ల భాషలోనే చదువు చెప్పించండి అన్నారు. అడవుల్లో తిరిగి మలేరియా తెచ్చుకున్నారు. దానికి వాడిన క్వినైను వల్ల చెవుడొచ్చింది. ఒక భాషను చెవులారా విని నేర్చుకున్న మనిషికి వినికిడి పోయింది! పదో తరగతి పిల్లాడు ఈ ఒక్క సంగతి చెబితే చాలు, సభ నిశ్శబ్దంగా వింటుంది.

మీ బడిలో రిటైరవుతున్న టీచరు గురించైనా, కాలం చేసిన హెడ్మాస్టరు గురించైనా పద్ధతి ఇదే. పాత విద్యార్థుల్ని అయిదారుగుర్ని పట్టుకోండి. "ఆయన ఎలాంటివారు?" అని మాత్రం అడగొద్దు. "చాలా మంచివారండీ" అంటారు, అక్కడితో సరి. "క్లాసులోకి రాగానే ముందు ఏం చేసేవారు? లెక్క తప్పితే ఏం చేసేవారు? ఫీజు కట్టలేని పిల్లాడికి ఏం చేశారు?" అని అడగండి. ఏం చేశారు అని అడిగితేనే మనిషి కనిపిస్తాడు. వచ్చిన వాటిలో ఇద్దరు వేర్వేరుగా చెప్పిన సంగతి ఒక్కటి తీసుకోండి. మిగతావి వదిలేయండి. వదలడం కష్టమే, అయినా వదిలేయండి.

రెండు నిమిషాలంటే సుమారు 200 మాటలు. కాగితం మీద పెద్ద అక్షరాలతో, ఒకవైపే రాయండి. రెండువైపులా రాస్తే మైకు దగ్గర కాగితం తిప్పేటప్పుడు తడబాటు తప్పదు. ముందురోజు గడియారం పెట్టుకుని గట్టిగా చదివి చూడండి. మనసులో చదివితే ఎప్పుడూ తక్కువ సమయమే పడుతుంది, సభలో సాగుతుంది.

ఇంటిపేరు, ఇనీషియళ్లు, చేరిన సంవత్సరం ఇంట్లోవాళ్లను అడిగి సరిచూసుకోండి. ఫ్లెక్సీ అచ్చుకి పంపేముందు ఆ ఇంట్లో ఒకరికి చూపించండి. పేరులో ఒత్తు పోతే ఆ పొరపాటు ఫోటోల్లో ఉండిపోతుంది. పటానికి దండ వేసేటప్పుడు కింద రాసిన పేరు కప్పబడిపోకుండా చూడండి. చిన్న సంగతే, చాలా సభల్లో జరిగేదే.

ఇంకొక్క మాట. బడి అంటే పంతుళ్లు మాత్రమే కాదు. గంట కొట్టిన అటెండరు, మధ్యాహ్న భోజనం వండిన అమ్మ, గేటు దగ్గర కూర్చున్న వాచ్‌మన్, వీళ్ల గురించి మాట్లాడేవాళ్లు బహు తక్కువ. ఈ సెప్టెంబరు 5న వాళ్లలో ఒకరికి రెండు నిమిషాలు కేటాయించండి. వంట చేసే అమ్మ గురించైతే, ఎన్ని గంటలకు పొయ్యి వెలిగించేది, ఎంతమందికి వడ్డించేది, ఆమెనే అడిగి రాసుకోండి. ఆరోజు ఆమెను ముందు వరసలో కూర్చోబెట్టండి. వంట పని ఆ పూటకు ఇంకెవరు చూస్తారో ముందురోజే అనుకోండి, లేకపోతే ఆమె గురించి చెప్పేటప్పుడు ఆమె వంటగదిలోనే ఉంటుంది.

సెలవు.