ఫేడర్ మీద చెయ్యి వేసే ముందు

అందరికీ నమస్కారం. సౌండ్ రికార్డింగ్ కోర్సులో చేరి నెల కూడా తిరగని మీతో మాట్లాడమన్నారు. నేను విద్యార్థిగా ఉన్నప్పటి ఒక సాయంత్రం గురించి చెబుతాను.

ఆ రోజు మృదంగం రికార్డింగ్. కుడి మూతికి ఒక మైకు, ఎడమ మూతికి ఒక మైకు పెట్టాను. విడివిడిగా వింటే రెండూ బాగున్నాయి. కలిపి వింటే మాత్రం ఎడమవైపు తొప్పి నాదానికి బరువే లేదు. ఈక్వలైజర్‌లో బాస్ పెంచాను. ఇంకా పెంచాను. అరగంట గడిచింది. తొప్పికి పెట్టిన రవ్వ ముద్ద ఆరిపోతుంటే విద్వాంసులు తడి చేసుకుంటూ ఓపిగ్గా కూర్చున్నారు. నాకేమో చెమటలు, టెన్షన్. చివరికి మా సీనియర్ అన్నయ్య వచ్చి, ఒక ఛానెల్ మీద ధ్వని తరంగాన్ని తలకిందులు చేసే పోలారిటీ బటన్ నొక్కాడు. తొప్పి గుమ్మని మోగింది!

కారణం చిన్నదే. మైకులు రెండూ ఎదురెదురుగా ఉన్నాయి. దెబ్బ పడగానే గాలి ఒక మైకును నెడితే, రెండోదాన్ని లాగుతుంది. కలిపినప్పుడు రెండింటిలోని బాస్ ధ్వని ఒకదాన్నొకటి కొట్టేసుకుంటుంది. అలా పోయినదాన్ని ఈక్వలైజర్ తిరిగి తేలేదు. అందుకే రెండు మైకులు పెట్టిన ప్రతిసారీ మోనోలో, అంటే రెండింటినీ ఒకటిగా కలిపి, ఒకసారి వినండి. ధ్వని ఒక మిల్లీసెకనులో సుమారు 34 సెంటీమీటర్లు వెళ్తుంది కాబట్టి, మైకును జానెడు జరిపినా తేడా తెలుస్తుంది.

లెవెల్ సంగతి ఒక్క మాటలో చెబుతాను. 24 బిట్‌లో రికార్డు చేస్తున్నప్పుడు పీక్‌లు, అంటే ధ్వని ఎగసే గరిష్ఠ స్థాయిలు, మీటర్‌లో మైనస్ 12 డెసిబెల్స్ దగ్గర ఉన్నా చాలు. ఎర్ర లైటు వెలిగేదాకా గెయిన్ (మైకు సిగ్నల్ బలం) పెంచకండి. చిరిగిన గొంతును మళ్లీ కుట్టడం చాలా కష్టం.

ఎడిటింగ్‌లో నన్ను ఎక్కువగా బాధపెట్టేది ఊపిరి కత్తిరించడం. పల్లవి ఎత్తుకునే ముందు గాయని తీసుకునే ఊపిరి కూడా పాటలో భాగమే. దాన్ని పూర్తిగా తీసేస్తే ఆ గొంతులో మనిషి కనబడదు. మరీ పెద్దగా వినిపిస్తే ఐదారు డెసిబెల్స్ తగ్గించండి. అతుకు పడిన చోట ఒక ముక్క తగ్గుతూ రెండోది పెరిగేలా చిన్న క్రాస్‌ఫేడ్ ఇవ్వండి, టిక్కుమనే చప్పుడు పోతుంది. పిచ్ కరెక్షన్‌తో ఇంకా జాగ్రత్త. తోడి రాగంలో గాంధారం (గ స్వరం) ఊగుతూనే ఉంటుంది. సాఫ్ట్‌వేర్ ఆ ఊపును అపస్వరమనుకుని ఒకచోట నిలబెట్టేస్తే, రాగమే పోతుంది.

రేపటి ప్రాక్టికల్‌కి ఒక తంబురా, ఒక్క మైకు చాలు. ఒకరు మీటుతుంటే ఇంకొకరు మైకును బెత్తెడు బెత్తెడు జరుపుతూ హెడ్‌ఫోన్స్‌లో వినండి. జీవా (తీగ కింద పెట్టే నూలుపోగు) పలుకు ఎక్కడ విచ్చుకుంటుందో అక్కడ ఆగి, నేల మీద టేపు ముక్క అంటించండి. అక్కడికి వచ్చి నేనూ వింటాను.