కంట్లో మెరుపు కనిపిస్తే రేపటిదాకా ఆగొద్దు

(పెన్షనర్ల సంఘం నెలవారీ సమావేశంలో ఒక కంటి డాక్టరు చేసిన ప్రసంగం)

పెద్దలందరికీ నమస్కారం. ముందుగా ఒక చిన్న పని చేద్దాం. కుడి అరచేత్తో కుడి కన్ను కప్పుకుని ఎదురుగా గోడ మీది గడియారం చూడండి. నొక్కొద్దు, ఊరికే కప్పితే చాలు. ఇప్పుడు చెయ్యి మార్చి రెండో కన్ను కప్పండి. రెండు కళ్ళకూ ఒకేలా కనిపించిందా? అంకెలు ఒక పక్క చెరిగిపోయినట్టుగానీ, ముల్లు వంకరగా ఉన్నట్టుగానీ అనిపించినవాళ్ళు నాతో మాట్లాడకుండా ఇంటికి వెళ్ళొద్దు.

ఒక కన్ను మందగించినా రెండోది సర్దేస్తుంది. అందుకే చాలామందికి మంచి కంట్లో నలక పడి నలుపుకుంటున్నప్పుడే రెండో కంటి సంగతి బయటపడుతుంది.

పోయిన సంక్రాంతి తర్వాత ఒక రిటైర్డ్ మాస్టారు నా దగ్గరకు వచ్చారు. భోగి రోజు పొద్దున వాకిట్లో ముగ్గు చూస్తుంటే ఎడమ కంటి ముందు ఈగ ఎగిరినట్టు అనిపించిందట. చేత్తో తోలారు. పోలేదు. ఆ రాత్రి లైటు తీసేశాక కంటి చివర ఎవరో టార్చి వేసి ఆర్పినట్టు మెరుపు. పిల్లలంతా ఊరికొచ్చారు, పండగ పూట ఆసుపత్రి ఏమిటని ఊరుకున్నారు. కనుమ దాటాక ముక్కు వైపు కింది నుంచి ఒక నల్లటి తెర లేవడం మొదలైంది. ఎవరో చెబితే నందివర్ధనం పూలు కళ్ళ మీద పెట్టుకున్నారు. నా దగ్గరకు వచ్చేసరికి రెండు వారాలు. తెర అప్పటికే చూపు నడిమధ్యను దాటేసింది. ఆపరేషన్ అయింది, ఊడిన రెటీనా, అంటే కంటి లోపల వెనక వైపు వెలుగును పట్టే పలచటి పొర, అతుక్కుంది. కానీ ఆ కంటితో ఆయన పేపరు చదవలేరు.

"నొప్పి లేదు కదమ్మా, అందుకే ఆగాను" అన్నారాయన. ఈ రోజు నేను వచ్చింది ఆ మాట గురించే.

రెటీనాకు నొప్పి తెలియదు. వేలు తెగితే మంట పుడుతుంది, పన్ను పుచ్చితే నిద్ర పట్టనివ్వదు. రెటీనాకు మాత్రం వెలుగు ఒక్కటే తెలుసు. దాన్ని లాగినా, అది చిరిగినా మెరుపుగానే చెబుతుంది.

అసలు లోపల జరిగేదేమిటంటే, మన కంటి గుడ్డు నిండా తాటి ముంజలాంటి స్వచ్ఛమైన గుజ్జు ఉంటుంది. దాన్ని విట్రియస్ అంటాం. అందులో నూటికి తొంభైతొమ్మిది పాళ్ళు నీరే, మిగతాది సన్నటి నారపోగులు. ముంజ ముదిరితే గట్టిపడుతుంది, ఇది ముదిరితే నీరవుతుంది. నీరవుతున్నకొద్దీ పోగులు ఉండకట్టి, వాటి నీడ రెటీనా మీద పడుతుంది. ఆ నీడలే మీకు తెల్లగోడ మీదా, ఆకాశంలోనూ కనిపించే దారాలు, చుక్కలు, సాలెగూళ్ళు. కన్ను తిప్పితే అవీ కదులుతాయి, కన్ను ఆగాక కాసేపు తేలుతూ ఉంటాయి. ఏళ్ళ తరబడి అవే నాలుగు చుక్కలు ఉంటే టెన్షన్ పడాల్సిందేమీ లేదు.

అరవై దగ్గరపడేసరికి ఈ గుజ్జు ముడుచుకుని వెనకనున్న రెటీనా నుంచి విడిపోవడం చాలామందిలో మామూలుగా జరిగేదే. అయితే కొందరిలో అది ఒకచోట గట్టిగా అంటుకుని ఉంటుంది. అక్కడ లాగినప్పుడు మెరుపు కనిపిస్తుంది. లాగి లాగి రెటీనాను చింపితే, ఆ చిరుగులోంచి నీరు వెనక్కి దూరుతుంది. వానకు తడిసిన గోడ మీది పోస్టర్ చూశారు కదా, ఒక మూల లేచిందంటే వెనక నీరు చేరి మొత్తం జారిపోతుంది. అలా జారిన భాగమే మాస్టారికి తెరలా కనిపించింది. దూరానివి సరిగ్గా కనిపించక మైనస్ అద్దాలు, అందులోనూ పెద్ద నంబరు వాడేవాళ్ళకీ, శుక్లాల ఆపరేషన్ అయినవాళ్ళకీ, కంటికి దెబ్బ తగిలినవాళ్ళకీ, ఇంట్లో ఎవరికైనా రెటీనా ఊడినవాళ్ళకీ ఈ ప్రమాదం ఎక్కువ.

కొత్తగా చుక్కలూ మెరుపులూ మొదలై వచ్చినవాళ్ళలో దాదాపు 10 మందిలో ఒకరికి చిరుగు దొరుకుతుంది. మిగతా తొమ్మిది మందికీ చిరుగు ఉండదు. ఆ ఒక్కరు ఎవరో, కంటిపాప పెద్దదయ్యే మందు చుక్కలు వేసి, రెటీనా అంచుల దాకా చూస్తే తప్ప నాకే తెలియదు, ఇంట్లో కూర్చున్న మీకెలా తెలుస్తుంది? మైక్రోస్కోపులో ఆ గుజ్జులో ముక్కుపొడి చల్లినట్టు గోధుమరంగు రేణువులు తేలుతుంటే, చిరుగు ఎక్కడో ఉందని వెతుకుతాం. నీరు దూరకముందే దొరికితే పని చాలా తేలిక. కుర్చీలో కూర్చోబెట్టి చిరుగు చుట్టూ లేజర్‌తో కుట్టు వేసినట్టు చేస్తాం, అదే రోజు ఇంటికి పంపిస్తాం. వందేళ్ళ కిందట స్విట్జర్లాండ్‌లోని లాసాన్‌లో జూల్ గోనాన్ అనే డాక్టరు, ఈ జబ్బుకు మూలం ఆ చిరుగేననీ, దాన్ని మూస్తే చూపు నిలుస్తుందనీ నిరూపించేదాకా రెటీనా ఊడితే కన్ను పోయినట్టే లెక్క. నయమయ్యే దారి దొరికాక కూడా ఆలస్యం వల్ల కన్ను పోతుంటే నాకు చాలా బాధగా ఉంటుంది.

ఇక కంట్లో కనిపించే మిగతా లక్షణాల సంగతి. రంపపు పళ్ళలా మెరిసే గీత చిన్నగా మొదలై, ఇరవై ముప్పై నిమిషాలు పెరిగి, గంటలోపు పోతే, ఏ కన్ను మూసినా అది కనిపిస్తుంటే, చాలావరకు మైగ్రేన్. కన్ను చెడిపోదు. కానీ యాభై దాటాక మొదటిసారి వస్తే చూపించుకోవాలి.

ఒక కంటికి చీకటి కమ్మి, ఐదు పది నిమిషాల్లో తేలిపోతే "పోయిందిలే" అని పడుకోకండి. అది పక్షవాతానికి ముందస్తు కబురు కావచ్చు. ఒక కన్ను ఒక్కసారిగా పూర్తిగా చీకటైనా, చూపులో సగం మాయమైనా, మాట తడబడినా అంతే. అప్పుడు కంటి డాక్టరు కోసం వెతకొద్దు, 108 పిలిచి పెద్దాసుపత్రికి వెళ్ళండి. రక్తం అందని రెటీనా కొద్ది గంటలు కూడా ఓర్చుకోలేదు.

కన్ను ఎర్రబడి, పగిలిపోయేంత నొప్పితో, బల్బు చుట్టూ రంగుల వలయాలు, వాంతులు ఉంటే అది గ్యాస్ కాదు. ఒక రకం నీటికాసులు (గ్లకోమా) అలా వస్తాయి. గంటలు లెక్క. షుగర్ ఉన్నవాళ్ళకు సిరా ఒలికినట్టు నల్లగా కమ్మితే లోపల రక్తం చిందినట్టు. కిటికీ ఊచలు వంకరగా కనిపిస్తే రెటీనా నడిమధ్య దెబ్బతింటున్నట్టు, ఈ రెండింటికీ వారం ఆగకూడదు.

ఉచిత శిబిరంలో అద్దాలు ఇచ్చారు, కన్ను బాగుందన్నారు అని చాలామంది అంటారు. శిబిరాలు మంచివే, నేనూ వెళ్తాను. కానీ అక్కడ ఎక్కువగా చూసేది అద్దాల నంబరు, శుక్లాలు. రెటీనా అంచు అక్కడ కనిపించదు.

ఆసుపత్రికి బండి నడుపుకుంటూ రావొద్దు. చుక్కలు వేశాక నాలుగైదు గంటలు చూపు మసకగా ఉంటుంది, ఎవరినైనా వెంట తెచ్చుకోండి. కౌంటరు దగ్గర "చూపు సరిగ్గా లేదు" అని మాత్రం అనకండి, అద్దాల లైన్లో కూర్చోబెడతారు. "నిన్న రాత్రి నుంచి ఎడమ కంట్లో మెరుపులు, కొత్తగా నల్ల చుక్కలు, రెటీనా చూడాలి" అని చెప్పండి. ఏ కన్ను, ఎప్పటి నుంచి, తెర ఉందా లేదా, ఈ మూడూ చెబితే లోపలికి ముందు మిమ్మల్నే పిలుస్తారు.